తరంగంబాడికి సువార్తను పంపిన రాజు
డెన్మార్కు నాల్గవ ఫ్రెడరిక్ జీవితము, అతని కుటుంబము

అండమాను దీవులలో డాలీగంజ్ అను పేట యున్నది. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయర్ పట్టణములో ఇది ఒక భాగము. ఉత్తరాంధ్ర తీరమునుండి పనికొరకు వచ్చి ఈ దీవులలో స్థిరపడిన తెలుగువారు అనేకులు. వారి మధ్య కూర్చుండియే నేను ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. నా బల్లమీద ఒక పాత పటము యొక్క నకలు ఉన్నది. మాకు దక్షిణముగా నున్న నికోబారు దీవులకు ఆ పటములో ఫ్రెడరిక్ దీవులు అని పేరు వ్రాయబడి యున్నది.

ఎవరీ ఫ్రెడరిక్? 1756లో డెన్మార్కు దేశస్థులు నికోబారు దీవులను తమవిగా ప్రకటించుకొని, అప్పటి తమ రాజైన ఐదవ ఫ్రెడరిక్ పేరు వాటికి పెట్టిరి. వేల మైళ్ల దూరమున చలిదేశములో కూర్చున్న ఆ రాజు ఈ దీవులను కన్నులార చూచినవాడు కాడు. అయితే ఆ పేరు వెనుక మరియొక ఫ్రెడరిక్ ఉన్నాడు. అతడు ఈ ఐదవ ఫ్రెడరిక్‌కు తాత, నాల్గవ ఫ్రెడరిక్. భారతదేశమునకు మొట్టమొదటి ప్రొటెస్టెంటు మిషనెరీలను పంపిన రాజు ఇతడే. తెలుగు భాషలోనికి పరిశుద్ధ గ్రంథమును మొదట అనువదించిన భక్తుడు కూడ ఈ రాజు నాటిన మిషనుకు చేరినవాడే.

ప్రియ పాఠకులారా, ఇట్టి రాజు జీవితము భక్తుల చరిత్రవలె సాఫీగా సాగియుండునని మనము తలంతుము. కాని అది అట్లు లేదు. సువార్తకు తలుపు తెరచిన చేతులే తన యింటి తలుపును విరుగగొట్టినవి. ఈ రెంటిని కలిపి చదువుట కష్టము. వేరుచేసి చదివినయెడల అది సత్యము కాదు.

తండ్రి మాదిరి, తల్లి విశ్వాసము

ఫ్రెడరిక్ 1671 అక్టోబరు 11న కోపెన్‌హేగెన్ నగరమున జన్మించెను. డెన్మార్కు, నార్వే దేశములు రెండును అప్పుడు ఒకే రాజు క్రింద ఉండెను. తండ్రి ఐదవ క్రిస్టియన్. తల్లి షార్లెట్ అమాలియా, జర్మనీలోని హెస్సె-కాసెల్ సంస్థానపు రాజకుమార్తె.

ఈ తల్లి రిఫార్మ్‌డ్ సంఘమునకు చెందినది. డెన్మార్కు సంపూర్ణముగా లూథరన్ దేశము. రాణియైనందున తన సంఘమును విడువవలెనని ఎందరు ఒత్తిడి చేసినను ఆమె తన పితరుల విశ్వాసమును మానలేదు. ఫ్రాన్సు దేశమున హింసింపబడి పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ విశ్వాసులకు కోపెన్‌హేగెన్‌లో ఆశ్రయము దొరకుటకు ఆమె ఆధారమాయెను. మనస్సాక్షికొరకు ఒంటరిగా నిలుచుట అనగా ఏమో కుమారుడు తల్లియందు చూచెను.

తండ్రియందు చూచినది వేరు. ఐదవ క్రిస్టియన్ సోఫీ అమాలియా మోత్ అను స్త్రీని ఉంపుడుగత్తెగా చేరదీసి, 1672లో ఆమెను రాజసభలో బహిరంగముగా నిలువబెట్టెను. ఆమెకు పుట్టిన పిల్లలకు బిరుదులును ఉన్నత పదవులును ఇచ్చెను. రాణి అది యంతయు చూచుచు అదే నగరులో కాపురము చేసెను. బాలుడైన ఫ్రెడరిక్‌కు ఈ రెండు పాఠములును ఒకే యింట నేర్పబడెను. పెద్దవాడైన తరువాత తండ్రి పాఠమును అతడు కాపురములో పాటించెను. తల్లి పాఠము అతని రాజ్యకార్యములలో అక్కడక్కడ కనబడును.

అతని తోబుట్టువులలో ఇద్దరి పేర్లు మనము జ్ఞాపకముంచుకొనవలెను. చెల్లెలు సోఫియా హెడ్విగ్ 1677లో పుట్టి, జీవితమంతయు అవివాహితగా నుండెను. తమ్ముడు చార్లెస్ 1680లో పుట్టెను. వీరిద్దరు అన్నను ప్రేమించినవారే. అయినను ఒక దినమున అన్న నగరును విడిచి వెళ్లవలసి వచ్చెను. ఆ సంగతి తరువాత చెప్పెదను.

వివాహము, పట్టాభిషేకము

1695 డిసెంబరు 5న యువరాజైన ఫ్రెడరిక్‌కు మెక్లెన్‌బర్గ్-గ్యూస్ట్రో ప్రభువు కుమార్తె లూయీసాతో వివాహమాయెను. ఆమె అతనికంటె నాలుగేండ్లు పెద్దది. ఆమె తండ్రి గుస్తావ్ అడాల్ఫ్ కీర్తనలు రచించిన భక్తిపరుడు. అట్టి యింట పెరిగిన లూయీసా ప్రార్థనాపరురాలు, మితభాషిణి.

ఆమెకు ఐదుగురు బిడ్డలు కలిగిరి. 1697లో పుట్టిన మొదటి కుమారుడు మరుసటి యేట మరణించెను. 1699 నవంబరు 30న పుట్టిన క్రిస్టియన్ బ్రదికెను. 1701లో పుట్టిన ఫ్రెడరిక్ కార్ల్ మూడు నెలలైన నిండకముందే గతించెను. 1703లో పుట్టిన జార్జి మరుసటి యేడు వెళ్లిపోయెను. 1706లో కుమార్తె షార్లెట్ అమాలియా పుట్టి బ్రదికెను. ఐదు ఊయలలు, మూడు చిన్న శవపేటికలు. రాణి యైనను తల్లి తల్లియే గదా.

1699 ఆగస్టు 25న ఐదవ క్రిస్టియన్ మరణింపగా ఫ్రెడరిక్ ఇరువదియెనిమిదవ యేట రాజాయెను. అతని అధికారము సామాన్యమైనది కాదు. 1665లో అతని తాత కాలమున వ్రాయబడిన రాజశాసనము ప్రకారము డెన్మార్కు రాజు మానవ చట్టములన్నిటికి పైవాడు. ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణమును కాపాడవలెను, రాజ్యమును ముక్కలు చేయరాదు, ఆ రాజశాసనమును మీరరాదు. ఇంతకుమించి అతనికి కట్టుబాటు లేదు. దేవునికి తప్ప మరెవ్వరికిని అతడు లెక్క అప్పగింపనక్కరలేదు. సిద్ధాంతమును కాపాడవలెనని ఆ శాసనము రాజును కోరెను. భార్యను కాపాడవలెనని కోరలేదు. విశ్వాస ప్రమాణమునకు సంతకముచేసి విశ్వాసపాత్రత లేకుండ బ్రదుకుట సాధ్యమని ఆ రాజు జీవితము మనకు చూపుచున్నది.

1703లో అతడు, రాణి లూయీసా బ్రదికి యుండగానే, ఎలిజబెత్ హెలెనా ఫన్ వీరెగ్ అను కన్యను రెండవ భార్యగా చేసికొనెను. డెన్మార్కు చట్టములో ఇది ప్రజలెవ్వరైన చేసినయెడల శిక్షార్హమైన నేరము. రాజును అడ్డగించగల నాతాను ప్రవక్త ఆ నగరులో లేకపోయెను. ఆ రెండవ స్త్రీ 1704 జూనులో ప్రసవవేదనలో మరణించెను. ఆమె కుమారుడును మరుసటి యేడు మరణించెను.

రాజు పిలుపు

ఆ మరుసటి యేడు 1705. చరిత్రకారులు ఆ సంవత్సరమును వేరొక సంగతికొరకు జ్ఞాపకము చేసికొందురు.

మన దేశపు తూర్పు తీరమున, కావేరి ముఖద్వార ప్రాంతమున, తరంగంబాడి అను రేవు ఉన్నది. 1620లో తంజావూరు నాయక రాజైన రఘునాథ నాయకుడు ఈ రేవును డెన్మార్కు వర్తకులకు ఇచ్చెను. ఈ రఘునాథుడు తెలుగువాడు, తెలుగు కవి. ఆ ఒడంబడికకు రెండవ ప్రక్కన ఉన్న రాజు నాల్గవ క్రిస్టియన్, మన ఫ్రెడరిక్‌కు ముత్తాత. ఆ విధముగా తెలుగు రాజు ఇచ్చిన నేలమీద డెన్మార్కు జెండా ఎగిరెను. కాని ఎనుబదియైదు సంవత్సరములు గడచినను ఆ వర్తకులు మిరియాలను, బట్టలను ఓడలకెత్తిరే గాని స్థానిక ప్రజలకు సువార్తను చెప్పుటకు ఎవరిని తీసికొని రాలేదు.

ఫ్రెడరిక్ రాజు తన ఆస్థాన బోధకుడైన లుట్కెన్స్‌ను పిలిచి, ఆ ప్రజలకు మిషనెరీలను వెదకుమని ఆజ్ఞాపించెను. తన ప్రజల ఆత్మల విషయమై రాజు దేవునికి ఉత్తరవాది యను లూథరన్ బోధను అతడు సముద్రమునకు ఆవల నున్న ప్రజలకును వర్తింపజేసెను. అప్పటి ప్రొటెస్టెంటు రాజులలో ఇట్లు చేసినవారు అరుదు. డెన్మార్కులో తగినవారు దొరకకపోగా లుట్కెన్స్ జర్మనీలోని తన స్నేహితులకు వ్రాసెను. హాలే పట్టణమున ఫ్రాంకే పండితుని భక్తి ఉద్యమములో పెరిగిన ఇద్దరు యువకులు ముందుకు వచ్చిరి. వారు బర్తొలొమాయు జీగెన్‌బాల్గ్, హెన్రిక్ ప్లుట్షౌ. 1705 నవంబరులో కోపెన్‌హేగెన్‌లో అభిషేకము పొంది, ఆ నెలాఖరున ఓడనెక్కిరి. 1706 జూలై 9న తరంగంబాడి చేరిరి.

రాజు పంపినవారికి రాజు సేవకులే శత్రువులైరి. తరంగంబాడి కోట అధిపతియైన హాసియస్ వారిని చేర్చుకొనుటకు ఇష్టపడలేదు. మిషను వలన వర్తకము చెడునని కంపెనీవారి భయము. 1708లో జీగెన్‌బాల్గ్‌ను బంధించి నాలుగు నెలలు కోటలో ఉంచిరి. కాని 1709లో మరి కొందరు మిషనెరీలును, ధనసహాయమును ఐరోపానుండి చేరెను. రాజాదరణ తమకున్నదని మిషనెరీలకు ధైర్యము కలిగెను. 1714లో తమిళ సువార్తలు అచ్చువేయుట ప్రారంభమై, 1715లో క్రొత్త నిబంధన ముద్రణ పూర్తియాయెను. 1714 డిసెంబరు 10న రాజు కోపెన్‌హేగెన్‌లో మిషను కాలేజి అను సంఘమును స్థాపించి, ఆ పనికి రాజ్యములో స్థిరమైన ఆధారము కలుగజేసెను. 1715లో జీగెన్‌బాల్గ్ ఐరోపాకు వెళ్లినప్పుడు రాజు స్ట్రాల్సుండ్ ముట్టడిలో యుద్ధశిబిరమున ఉండెను. ఆ శిబిరములోనే ఆ భక్తునికి దర్శనమిచ్చెను. 1718లో తరంగంబాడిలో క్రొత్త యెరూషలేము దేవాలయము ప్రతిష్ఠింపబడెను. దాని ముఖభాగమున ఫ్రెడరిక్ రాజు ముద్ర చెక్కబడినది.

జీగెన్‌బాల్గ్ 1719 ఫిబ్రవరి 23న, ముప్పదియారేండ్ల ప్రాయములో నిద్రించెను. ఆయన ఆ దేవాలయమునందే సమాధి చేయబడెను.

క్లౌస్‌హోల్మ్ మార్గము

తరంగంబాడిలో ఆ పని సాగుచున్న కాలముననే డెన్మార్కులో వేరొక సంగతి జరిగెను. 1711లో రాజు ఒక విందులో అన్నా సోఫీ రెవెంట్లో అను కన్యను చూచెను. ఆమె గతించిన ప్రధానమంత్రి కుమార్తె. వయస్సు పదునెనిమిది సంవత్సరములు. తల్లి ఆమెను క్లౌస్‌హోల్మ్ అను తమ కోటలో ఉంచి కాపాడజూచెను. 1712 జూను 26న రాజు ఆమెను అచ్చటనుండి ఎత్తుకొనిపోయి, స్కాండర్‌బోర్గ్‌లో వివాహము చేసికొనెను. లూయీసా రాణి అప్పుడును బ్రదికియే యుండెను.

1711లోనే కోపెన్‌హేగెన్‌లో మహా తెగులు రేగి, నగరవాసులలో దాదాపు మూడింట ఒక వంతు మందిని తుడిచివేసెను. పాతిపెట్టబడిన వారి దుఃఖము ఆరకముందే రాజు ఈ కార్యమును చేసెనని గమనింపుడు.

తరువాతి తొమ్మిది సంవత్సరములు లూయీసా రాణి బిరుదు ధరించి, రాణి స్థానము లేనిదై జీవించెను. ఆమె తిరుగుబాటు చేయలేదు. ప్రార్థనలోను భక్తిగ్రంథములలోను ఆదరణ వెదకుకొనెను. ఆమె కుమారుడు క్రిస్టియన్ తల్లి కన్నీటిని చూచుచు పెరిగెను. తండ్రిమీద అతనికి కలిగిన బాధ తరువాతి రాజ్యపాలనలో బయలుపడెను.

1721

ఆ రాజు జీవితమంతయు ఒక్క సంవత్సరములో చూడవలెనన్నయెడల 1721ని చూడవలెను.

మార్చి 15న లూయీసా రాణి మరణించెను. మూడు వారములైన గడువకముందే, ఏప్రిల్ 4న, రాజు అన్నా సోఫీని బహిరంగముగా మరల వివాహమాడి, ఆమెను రాణిగా ప్రకటించెను. రాజవంశమునకు చెందని స్త్రీని రాణిని చేయుట నాటి ఐరోపాలో వింతయైన కార్యము. చెల్లెలు సోఫియా హెడ్విగ్, తమ్ముడు చార్లెస్ ఆ సభను విడిచి వెమ్మెటోఫ్ట అను తమ భూములకు వెళ్లిపోయిరి. వారు సైన్యమును లేపలేదు, కరపత్రములు వ్రాయలేదు. అన్న బల్లయొద్ద కూర్చుండుట మానుకొనిరి. నాతాను లేని ఆ నగరులో ఆ రెండు ఖాళీ కుర్చీలే గద్దింపు పలికినవి. సోఫియా హెడ్విగ్ తన ఆస్తిని అవివాహిత స్త్రీల ఆశ్రమముగా ఉండునట్లు విడిచి, 1735లో గతించెను.

అదే సంవత్సరము మే నెలలో హాన్స్ ఎగేడే అను నార్వే పాదిరి, తన భార్య గెర్ట్రూడ్‌తోను బిడ్డలతోను, మంచుదేశమైన గ్రీన్లాండుకు ఓడనెక్కెను. అనేక సంవత్సరములు ఆయన చేసిన మనవిని అంగీకరించి అనుమతించినవాడు ఈ రాజే. అదే సంవత్సరము రాజు తన భూములలో పేద రైతుల పిల్లలకొరకు 240 పాఠశాలలను కట్టించుట ప్రారంభించెను. చదువుట, క్రైస్తవ ప్రశ్నోత్తరములు నేర్చుకొనుట అందులో ముఖ్యమైన పాఠములు.

ఒక సమాధి, ఒక వివాహము, ఒక మిషను ఓడ, రెండువందల నలుబది బడులు. వీటన్నిటి క్రిందను ఒకే సంతకము.

రాజ్యభారము

ఫ్రెడరిక్ సోమరి కాడు. కార్యపత్రములను స్వయముగా చదువువాడు, ఖజానాను జాగ్రత్తగా చూచువాడు. 1702లో జీలాండు ద్వీపపు రైతులను భూస్వామికి కట్టివేసిన పాత దాస్యమును, తాను రాజ్యమునకు వచ్చిన తరువాత పుట్టినవారికి వర్తించునట్లు, రద్దుచేసెను. కాని అంతకు ముందటి సంవత్సరమే ఏర్పరచిన గ్రామసైన్యపు ఏర్పాటువలన ఆ స్వేచ్ఛ చాల మట్టుకు కాగితముమీదనే మిగిలెను. స్వీడనుతో 1709 మొదలు 1720 వరకు సాగిన మహాయుద్ధము ప్రజలను అలసిపోజేసెను. సంధిలో ష్లెస్విగ్ ప్రాంతము అతని చేతికి వచ్చెను.

మరియొక సంగతిని దాచరాదు. 1718లో ఇతని జెండా క్రిందనే కరీబియను సముద్రములోని సెయింట్ జాన్ ద్వీపము తోటల సేద్యమునకు ఆక్రమింపబడెను. అందు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచేత పని చేయించిరి. తరంగంబాడికి సువార్తను పంపిన రాజ్యమే మరియొక సముద్రముమీద మనుష్యులను సరకుగా మోసెను. మిషను చరిత్రను ప్రేమించు మనము ఈ వాక్యమును దాటి పోకుండుట న్యాయము.

సంధ్యాకాలము

రాణి యైన తరువాత అన్నా సోఫీకి సుఖము కలుగలేదు. రాజువలన ఆమెకు కలిగిన ఆరుగురు బిడ్డలును శైశవములోనే చనిపోయిరి. ఇది రాజు పాపమునకు దేవుడు వేసిన శిక్ష యని ఆనాడు గుసగుసలాడినవారు లేకపోలేదు. మనము అట్లు లెక్క కట్టరాదు. నిందలేని లూయీసా బిడ్డలును ముగ్గురు పోయిరి గదా. పసిబిడ్డల సమాధులను తండ్రుల పాపములకు రసీదులుగా చదువుట యోబు స్నేహితుల పని. అట్టివారిని దేవుడు మెచ్చుకొనలేదు.

1728 అక్టోబరులో కోపెన్‌హేగెన్ నగరము రెండు దినములకు పైగా తగులబడెను. నగరములో నాలుగవ వంతుకు పైగా బూడిదయాయెను. దేవాలయములు కూలెను. విశ్వవిద్యాలయ గ్రంథాలయము, దానిలోని అమూల్యమైన వ్రాతప్రతులు కాలిపోయెను. తెగులు, యుద్ధము, అగ్ని, ఈ మూడింటిని చూచిన రాజు కడపటి దినములలో భక్తివిషయములవైపు ఎక్కువగా మొగ్గెను. తన మరణానంతరము అన్నా సోఫీకి ఏమి జరుగునోయని భయపడి, ఆమె హక్కులను గూర్చి వ్రాతపూర్వకమైన వాగ్దానములను సిద్ధపరచెను. తమ్ముడు చార్లెస్ 1729లో చనిపోయెను. ఆరోగ్యము చెడిన రాజు 1730 అక్టోబరు 12న, ఏబదితొమ్మిదవ జన్మదినమునకు మరునాడు, ఓడెన్సే పట్టణములో కన్నుమూసెను. రాజుల సమాధులున్న రోస్కిల్డే దేవాలయమున అతనిని పాతిపెట్టిరి.

ఆరవ క్రిస్టియన్ రాజాయెను. తండ్రి వ్రాసిన వాగ్దానములను పూర్తిగా నిలుపక, అన్నా సోఫీని రాజధానినుండి పంపివేసెను. ఏ క్లౌస్‌హోల్మ్ కోటనుండి ఆమె ఎత్తుకొనిపోబడెనో ఆ కోటకే తిరిగి వచ్చి, ప్రార్థనయందు కాలము గడిపి, 1743లో మరణించెను. ఆమెను బలాత్కారముగా తెచ్చినవాడు రాజసమాధిలో గౌరవముగా పరుండెను. తప్పు మోపబడినది ఆమెమీద. లోకపు న్యాయము అనేక పర్యాయములు ఇట్లే ఉండును. మన యిండ్లలోను, మన సంఘములలోను కూడ ఇది క్రొత్త కాదు.

క్రిస్టియన్ మాత్రము తల్లి భక్తిని రాజ్యమంతట వ్యాపింపజేయగోరెను. 1736లో కన్ఫర్మేషను ఆరాధనను దేశమంతట తప్పనిసరి చేసెను. తండ్రి స్థాపించిన మిషనును విడువలేదు. ఆ మాటవరకు తండ్రి కుమారులు ఏకమైరి.

తెలుగు నేలకు వచ్చిన వాక్యము

జీగెన్‌బాల్గ్ గతించిన సంవత్సరమే, 1719లో, బెంజమిన్ షుల్జ్ అను జర్మను పండితుడు తరంగంబాడికి చేరెను. జీగెన్‌బాల్గ్ సగములో విడిచిన తమిళ పాత నిబంధనను ఆయన పూర్తిచేసెను. తోటి మిషనెరీలతో పొసగక 1726లో మద్రాసుకు వెళ్లెను. అచ్చట ఆయన చెవిలో పడిన భాష తెలుగు. ఆయన ఆ భాషను నేర్చి, వ్యాకరణము వ్రాసి, 1732 నాటికి పరిశుద్ధ గ్రంథమంతటిని తెలుగులోనికి మార్చెను. ఆ వ్రాతప్రతి హాలేకు చేరినను గ్రంథమంతయు అచ్చు కాలేదు. ఆయన జర్మనీకి తిరిగి వెళ్లిన పిదప, 1746, 1747 సంవత్సరములలో లూథరు చిన్న ప్రశ్నోత్తరములు మొదలైన కొన్ని చిన్న తెలుగు పుస్తకములు మాత్రము హాలేలో ముద్రింపబడెను.

అనువాదకుడనైన నాకు ఈ సంగతి ఎప్పుడును గుండెను తాకును. ఒక మనుష్యుడు పరాయి భాషలో ఆదికాండము మొదలు ప్రకటన గ్రంథము వరకు వ్రాసెను. ఆ ప్రతిని చేతిలో పట్టుకొని చదివి కన్నీరు కార్చిన తెలుగు తల్లి ఒక్కతెయు లేదు. అయినను దేవుని లెక్కలో ఆ పని వృథా కాలేదని నేను నమ్ముచున్నాను. త్రోవలో ముందుగా నడచినవాడు గమ్యమును చూడకపోవచ్చును.

ఆ త్రోవ తరువాత కూడ తరంగంబాడి మీదుగానే సాగెను. 1804లో లండను మిషనుకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అను ఇద్దరు కోపెన్‌హేగెన్‌లో డెన్మార్కు ఓడనెక్కి తరంగంబాడిలో దిగిరి. 1805లో విశాఖపట్టణము చేరి తెలుగు మిషనును ఆరంభించిరి. వారికి అనువాదమునందు తోడ్పడిన ఆనందరాయరు తరంగంబాడిలో బాప్తిస్మము పొందిన బ్రాహ్మణుడు. వారి తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చాయెను. శ్రీరాంపురము కూడ డెన్మార్కువారు స్థాపించిన స్థలమే. ఇంగ్లీషు కంపెనీ కేరీని అంగీకరింపని దినములలో ఆయనను కాపాడినది డెన్మార్కు జెండా. 1845లో తరంగంబాడి, శ్రీరాంపురము రెండును ఇంగ్లీషువారికి అమ్మబడెను. నాటిన విత్తనము మాత్రము అమ్ముడుపోలేదు.

నా బల్లమీది పటములోని ఫ్రెడరిక్ దీవుల సంగతియు ఇంతే. తరంగంబాడినుండి వచ్చిన మొరేవియను సహోదరులు 1768లో నికోబారులోని నాన్‌కౌరి ద్వీపమున మిషను పెట్టిరి. జ్వరములచేత ఒకరి తరువాత ఒకరు మరణింపగా 1787లో ఆ పని మూసివేయవలసి వచ్చెను. డెన్మార్కువారు 1868లో ఆ దీవుల హక్కును ఇంగ్లీషువారికి ఇచ్చివేసిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర వేదప్పన్ సాలొమోను అను దక్షిణ భారత ఉపదేశకుడు కార్ నికోబారుకు వచ్చెను. ఆయన శిష్యుడైన జాన్ రిచర్డ్‌సన్ నికోబారు భాషలోనికి క్రొత్త నిబంధనను మార్చి, 1950లో బిషపుగా అభిషేకింపబడెను. నేడు ఆ దీవులలో గంట మ్రోగని ఆదివారము లేదు.

మనము నేర్చుకొనవలసినది

ఈ కథను విని ఇద్దరు రెండు విధములుగా తీర్పు తీర్చవచ్చును. ఒకడు, ఇంత గొప్ప మిషనును పంపినవాని లోపములను మరచిపోవుద మనును. మరియొకడు, ఇట్టివాడు పంపిన మిషను మంచిదెట్లగు ననును. ఇద్దరును త్రాసు పట్టుకొన్నవారే. ఒక ప్రక్క పాపమును, మరియొక ప్రక్క పుణ్యమును వేసి తూచువారే. సువార్త త్రాసు కాదు. తరంగంబాడి దేవాలయము లూయీసా కన్నీటికి వెల కాదు. లూయీసా కన్నీరు తరంగంబాడి దేవాలయమును కూలద్రోయజాలదు.

పరిశుద్ధ గ్రంథము దావీదు విషయమున ఈ రెంటిలో దేనిని చేయలేదు. అతని కీర్తనలను దాచలేదు, అతని పాపమును దాచలేదు. మత్తయి సువార్తికుడు మన ప్రభువు వంశావళిని వ్రాయుచు, సొలొమోను తల్లిని ఊరియా భార్యగానే జ్ఞాపకము చేసెను. దేవుడు మనుష్యుని తప్పును తన పనికి వాడుకొనును గాని, ఆ తప్పును ఒప్పని ఎన్నడును పలుకడు.

మన సంఘములలో మిషను పనికి ధారాళముగా ఇచ్చుచు, ఇంట భార్య ముఖము చూడనివారు లేరా? సభలకు అధ్యక్షత వహించుచు, కన్నబిడ్డలకు అపరిచితులుగా ఉన్నవారు లేరా? కానుక పెద్దదైనందున సంఘము వారి యెదుట మౌనము వహించుట లేదా? ఫ్రెడరిక్ నగరులో బోధకులకు కొదువ లేదు. కొదువైనది నాతాను. రాజు దానమును అందుకొన్న చేతులు రాజును గద్దించుటకు లేవకపోవుట నాటి సంఘము చేసిన తప్పు. అది నేటిదిగా కాకుండునట్లు మనము జాగ్రత్త పడవలెను.

ఇక లూయీసా. ఆమె పేరున దేవాలయము లేదు, దీవి లేదు, పటములో ఎక్కడను లేదు. అయినను ఆమె కుమారుని భక్తిలోను, ఆ కుమారుడు మోసిన మిషనులోను ఆమె మౌనప్రార్థనకు పాలు లేదని ఎవరు చెప్పగలరు? తమ యింటిలో గాయపడి, ఏ సంఘ చరిత్రలోను పేరు లేక, దేవుని యెదుట మాత్రమే కన్నీరు విడుచుచున్న సహోదరి ఎవరైన ఈ పుటను చదువుచున్నయెడల, రాజుల లెక్కలు వేరు, ప్రభువు లెక్కలు వేరు అని ధైర్యము తెచ్చుకొనునుగాక.

సాయంకాలమైనది. డాలీగంజ్ యిండ్లలో దీపములు వెలుగుచున్నవి. ప్రక్క యింట తెలుగులో కుటుంబ ప్రార్థన వినబడుచున్నది. ఆ గ్రంథము ఆ యింటికి వచ్చిన త్రోవలో ఒక పాపియైన రాజు సంతకము ఉన్నది. ఆ సంతకము క్రింద కృపగల దేవుని చేయి ఉన్నది. మనము కృతజ్ఞత చెల్లింపవలసినది ఆ చేతికే.